దేవసహాయం గారి చేతుల మీద వేసిన నింద

పోయిన నెల మా వీధిలోని ఫంక్షన్ హాల్లో ఒక బారసాలకు ఫోటోలు తీయడానికి వెళ్లాను. పాయకరావుపేట నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు ఫోటోగ్రాఫర్ సంచిలోంచి తన పాత కెమెరా ఫ్లాష్ తీసి, ఇంకా పనిచేస్తుందో లేదో చూద్దామని స్విచ్ వేశాడు. లోపల కరెంటు నిండుతుంటే, దోమ చెవి దగ్గరకు వస్తున్నట్టు సన్నగా మొదలై, పైపైకి పాకి, చివరికి వినపడకుండా పోయే ఆ కూత విని చాలా ఏళ్లయింది. ఇప్పుడు మేమంతా ఎల్.ఇ.డి. దీపాలతో పని కానిచ్చేస్తున్నాం. పక్కనున్న కుర్రాళ్లు నవ్వుకున్నారు. నేను మాత్రం చేతిలో పని ఆపేశాను. ఆ కూత దేవసహాయం గారి బల్ల మీద నేను వందలసార్లు విన్నది. ఆయనకు నేను చేసిన అన్యాయం గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

గొలుగొండలో నాన్న చెరుకు తోటను కాదని, నర్సీపట్నం బస్టాండు వెనక సందులో నేను స్టూడియో పెట్టినప్పుడు నాకు పాతికేళ్లు. పక్క గదిలో ఆయనది రేడియోలు, మిక్సీలు బాగుచేసే దుకాణం. అప్పటికే ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. మిషన్ చర్చి పక్కనే ఇల్లు. ఆయనా, భార్య సుగుణమ్మ గారూ ఇద్దరే. బాగుచేసిన వస్తువును ఆయన ఊరికే చేతిలో పెట్టేవారు కాదు. మూత విప్పి, లోపల ఏం చెడిందో వేలితో చూపించి, అది సొంతదారుకు అర్థమయ్యాక గాని బిగించేవారు కాదు. "మీ రేడియోది తప్పేటీ నేదండి. లోపల బొద్దింక కాపరం ఎట్టింది, వార్తలు అదే వింటంది" అని ఒక టీచరుగారిని నవ్వించడం నాకింకా గుర్తు. తన చెయ్యి జారి ఏదైనా విరిగితే అదీ అలాగే చూపించేవారు. అది నేను రోజూ చూశాను. చూడటం వేరు, నేర్చుకోవడం వేరు.

ఆ రోజుల్లో నేను విశాఖ నుంచి ఒక సాఫ్ట్‌బాక్స్ కొనుక్కొచ్చాను. గుడ్డ డబ్బా లాంటిది. లోపల ఫ్లాష్ వెలిగితే ముందున్న తెల్లగుడ్డంతా మెత్తటి వెలుతురు కావాలి. నా ఫ్లాష్‌తో గుడ్డ నడిమధ్య మాత్రమే పళ్లెమంత వెలుగు పడి, మూలలన్నీ మసగ్గా ఉండేవి. ఆయన వచ్చి ఒకసారి చూసి, "టార్చిలైటు ఎట్టి పందిరంతా ఎలగమంటే ఎలాగయ్యా? బుడ్డిదీపం సూడు. ఏ మూల కూకున్నోడికైనా ఒకటే ఎలుతురు. దీపానికి ముందూ ఎనకా ఉండకూడదు" అన్నారు. మర్నాడు ఎక్కడిదో చచ్చిపోయిన, పిడి పట్టుకుని వాడే పాత ఫ్లాష్ ఒకటి బల్ల మీదకు చేరింది. ఆయన మొదట చేసిన పని దాని కెపాసిటర్ తీగలకు ఒక నూరు వాట్ల బల్బు తగిలించడం. "బ్యాటరీ తీసీసినా ఇది కరెంటు దాసుకుంటాది. ముందు దీని కోపం దింపాల. ఆ తర్వాతే సెయ్యి ఎట్టాల" అన్నారు. తర్వాత వెనకున్న అద్దంలాంటి రేకులోంచి వెలిగే ట్యూబును బయటికి తీసి, పింగాణీ హోల్డర్‌లో నిలువుగా నిలబెట్టి, పైన లాంతరు చిమ్నీ బోర్లించారు. నా గుడ్డ డబ్బా దానికి చిన్నదైపోయింది. గొడుగు ఊచలతో పెద్ద చట్రం కట్టారు. సుగుణమ్మ గారు బయట నల్లగుడ్డ, లోపల వెండికాగితం, ముందు తెల్ల మల్లుగుడ్డ వేసి మిషను మీద కుట్టారు. "ఏటిది, ఫోటోలకా, దోమతెరా? నా పెళ్లికి కూడా ఇంత గుడ్డ ఎవులూ కొననేదు" అని నవ్వారావిడ. మొదటిసారి వెలిగించినప్పుడు నాలుగు మూలలూ ఒక్కలాగే తెల్లగా నిండాయి. ముగ్గురం మళ్లీ మళ్లీ వెలిగించి చూసుకున్నాం. ఆవిడ దానికి డేరా అని పేరు పెట్టారు.

డేరా వల్ల నాకు పేరొచ్చింది. గ్రూపు ఫోటోలో చివరి మనిషి ముఖం కూడా మధ్యలో కూర్చున్న మనిషి ముఖంలాగే ఉండేది. పేరు వచ్చాక బద్ధకం వచ్చింది. దాన్ని బిగించడానికి అరగంట పట్టేది. చిమ్నీ పగలకుండా ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లాలి. మెల్లగా డబ్బున్నవాళ్ల ఇళ్లకు తప్ప తీసుకెళ్లడం మానేశాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో స్త్రీల సమాజం వాళ్లకు ఫోటో తీయాల్సి ఉంది. అక్కణ్ణుంచి నేను ఒక పెళ్లికి పరుగెత్తాలి. డేరాను స్టూడియోలోనే వదిలేసి, కెమెరా మీద మామూలు ఫ్లాష్ తగిలించుకుని వెళ్లాను. సుగుణమ్మ గారు అందర్నీ పొట్టీ పొడుగూ చూసి సర్ది, తను వరస చివర నిలబడ్డారు. "బాబూ, మన డేరా తేనేదేటి?" అని అక్కడినుంచే అడిగారు. ఈ హాల్లో అక్కర్లేదమ్మా అన్నాను. "నీకు తెలుసు కదా, నువ్వే సెప్పాల" అని పైట సర్దుకున్నారు.

స్టూడియోకొచ్చి కంప్యూటర్లో చూస్తే మధ్యలోని వాళ్లు తెల్లగా వెలిగిపోతున్నారు. రెండు చివర్లూ మసిబారినట్టున్నాయి. మళ్లీ తీద్దాంలే అనుకున్నాను, తీయలేదు. రెండు నెలలకు, నాలుగు రోజుల జ్వరంతో సుగుణమ్మ గారు పోయారు. పోయినవాళ్ల కోసం చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడికలో పెట్టడానికి ఫోటో కావాలని దేవసహాయం గారు వచ్చారు. వాళ్ల పెళ్లి ఫోటో ఎప్పుడో చెదలు తినేసిందట. ఆవిడ ఫోటోలకు నిలబడే మనిషి కాదు. నేను ఆ గ్రూపు ఫోటో తెరిచి చివరి మనిషిని పెద్దది చేశాను. వెలుతురు పెంచితే ముఖానికి బదులు చుక్కలు వచ్చాయి. ఆయన చాలాసేపు చూసి, "మన డేరా ఎట్టేవు కదా?" అన్నారు. "పెట్టానండి. సమయానికి వెలగలేదు. లోపల ఏదో ఊడినట్టుంది" అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదు. కాని నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోలేదు. ఆయన ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. "అయితే నా అతుకేనా" అన్నారు. డేరా మడిచి, దాని ఫ్లాష్ పెట్టెతో సహా చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత రోజూ నా గుమ్మంలోంచి కనిపించేది ఒకటే. ఆయన ఆ పెట్టెను విప్పుతున్నారు, అతుకులు ఊడదీసి మళ్లీ వేస్తున్నారు, కూత ఆగేదాకా చూసి వెలిగిస్తున్నారు. "ఎన్నిసార్లు నొక్కినా ఎలుగుతున్నాది, అప్పలరాజా. ఆ ఒక్క పాలీ ఎందుకు ఎలగనేదో దొరకటం నేదు" అనేవారు. నేను తల ఊపేవాణ్ని. ఇచ్చేయండి, పరవాలేదు అంటే, "తప్పు ఎక్కడుందో సూపించకుండా ఎలా ఇత్తాను?" అనేవారు. నాలుగు నెలలు గడిచాయి. ఒక ఉదయం ఒక ముసలమ్మ మిక్సీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ఇంకెవులికైనా సూపించుకో అమ్మా. నా సెయ్యి ఇప్పుడు నమ్మకంగా నేదు" అన్నారు. ఆమె ఊరుకోలేదు. "ఓరి నాయనో, ఇరవయ్యేళ్లుగా నీ సెయ్యే కదా! దానికేటొచ్చింది ఇప్పుడు?" అని గదమాయించింది. ఆయన మిక్సీని ఆమె వైపు జరిపారు. దానికేం వచ్చిందో ఆ సందులో నా ఒక్కడికే తెలుసు.

ఆమె వెళ్లాక నేను లోపలికి వెళ్లి నిలబడ్డాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"ఆ రోజు పెట్టె చెడలేదండి. నేను తీసుకెళ్లనే లేదు. స్టూడియోలో ఉండిపోయింది. మీతో అబద్ధం చెప్పాను."

ఆయన సోల్డరింగ్ ఐరన్‌ను దాని స్టాండులో పెట్టారు. ప్లగ్గు తీశారు. "అయితే తెచ్చుంటే ఎలిగీదేనా?" అని అడిగారు.

"వెలిగేదండి."

"సుగుణ ముఖం వచ్చీదా?"

"వచ్చేదండి."

ఆయన తన చేతులు బల్ల మీద పెట్టి, అవి వేరేవాళ్లవైనట్టు చూశారు. "కాస్త బేగి సెప్పుంటే బాగుండు, రాజా. సుగుణ ఎలాగూ రాదు. నా సేతులైనా నాకు మిగిలుండీవి" అన్నారు. నేను కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగి, "ఇవాళ్టికి ఎల్లు" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండునని చాలా రోజులు అనుకున్నాను.

క్షమించానని ఆయన ఎప్పుడూ అనలేదు. కొన్నాళ్లకు బల్ల మీద మళ్లీ మిక్సీలు కనిపించాయి, కొన్నాళ్లకు నాతో మాటలూ మొదలయ్యాయి, కాని మునుపటి వేళాకోళం సగమే తిరిగొచ్చింది. మరుసటి ఏడు స్త్రీల సమాజం ఫోటో రోజున, పిలవకుండానే ఆయన డేరా పట్టుకుని చర్చికి వచ్చారు. నేను బిగిస్తుంటే పక్కన నిలబడి చూశారు. బిగించడం అయ్యాక ఆడవాళ్లను అప్పుడే రావద్దని చెప్పి, ఖాళీ కుర్చీల వరస దాటి, చివరన ఆవిడ నిలబడిన చోటుకు వెళ్లి నిలబడ్డారు. "ఇక్కడికి సూసి కొట్టు" అన్నారు. కొట్టాను. వచ్చి కెమెరా వెనక తెర మీద వంగి చూశారు. కుర్చీలన్నీ ఖాళీ. చివరన ఆయన ఒక్కరే, చెవి మీద వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉన్నారు. "ఊఁ. ఇప్పుడు పిలు అందర్నీ" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనేమీ పూర్తిగా మారిపోయానని చెప్పలేను. ఈమధ్యే ఒక పెళ్లిలో మెమరీ కార్డు మార్చడం మర్చిపోయి, తలంబ్రాల ఫోటోలు సగం పోగొట్టాను. పెళ్లికూతురి తండ్రి అడిగినప్పుడు నాకు మొదట తోచింది, కార్డు పాడైందండి అనే మాటే. అది ఎప్పుడూ ముందే వచ్చి సిద్ధంగా కూర్చుంటుంది. తప్పు నాదండి అన్న మాట అంత త్వరగా రాదు. అది బయటికి వచ్చేదాకా, అడిగిన మనిషి ఎదుట నుంచి మాత్రం నేను కదలను.