మా నాన్న సైన్యానికి ఒకే ఒక్క స్ట్రెచర్

డెబ్భై ఒకటిలో యుద్ధం మొదలైనప్పుడు రాయపూర్ మీద బాంబు వెయ్యాలని ఎవరికైనా ఎందుకనిపిస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరిహద్దు ఏ వైపు చూసినా వందల మైళ్ల దూరం. శత్రువు విమానం అంత దూరం వచ్చిందంటే దారి తప్పి వచ్చినట్టే. కానీ మా రైల్వే కాలనీలో ఈ మాట పైకి అంటే దేశద్రోహిని చూసినట్టు చూసేవాళ్లు. అలా చూసేవాళ్లలో మొదటివాడు మా నాన్న.

నాన్న గూడ్సు బండి గార్డు. గుంటూరు వైపు నుంచి చిన్న వయసులోనే వచ్చి, జీవితమంతా బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చున్న మనిషి. ఆయన ముందు ఎప్పుడూ ఉన్నవి వ్యాగన్లే. అవి ఎదురు చెప్పవు, అలాగని చెప్పిన మాట వినవు కూడా. అందుకే పౌరరక్షణ వాళ్లు వచ్చి వీధికో వార్డెను కావాలనగానే, వాళ్ల మాట పూర్తి కాకముందే నాన్న చెయ్యెత్తేశాడు.

మా అన్నయ్య అప్పటికే అసలు సైన్యంలో ఉన్నాడు. తూర్పు వైపు ఎక్కడో ఉన్నాడని తప్ప మాకేమీ తెలియదు. యుద్ధానికి ముందు ఒక ఉత్తరం వచ్చింది, తర్వాత రాలేదు. ఇంట్లో ఆ సంగతి ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. అమ్మ రేడియోని వంటింటి గుమ్మం దాకా జరుపుకుంది. నాన్న సైన్యాన్ని తయారుచేశాడు.

దాని నిర్మాణం చెప్తాను. సేనాపతి నాన్న. ఉపసేనాపతి పక్కింటి శ్రీకాకుళం బాబాయిగారు, పార్సిలు ఆఫీసులో గుమాస్తా. వైద్య విభాగం నేను. అప్పుడే రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేరాను కాబట్టి నన్ను అడిగే అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు. మిగతా వీధి అంతా కాల్బలం. ఆ కాల్బలంలో సగం ఎప్పుడు చూసినా డ్యూటీలో ఉండేది, మిగతా సగం డ్యూటీ దిగి నిద్రపోతూ ఉండేది.

ఇక సరంజామా. నాన్న విజిల్. నాన్న చేతి దీపం, ఒకవైపు తిప్పితే ఎరుపు, ఇంకోవైపు తిప్పితే ఆకుపచ్చ. ఎర్ర బకెట్లలో ఇసుక. ఆ ఇసుకని మంటలకంటే ముందు వీధి పిల్లులు వాడుకోవడం మొదలుపెట్టాయి. కిటికీలకి అంటించడానికి బజార్లో నల్ల కాగితం దొరకలేదు. ఊరంతా కొనేసింది. అందుకని నేను ఆసుపత్రిలో అడిగి, పనికిరావని పక్కన పడేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చాను. పగలు చూస్తే నల్లగా బాగానే ఉండేవి. లోపల లైటు వెలిగిందో, కిటికీలోంచి వీధిలోకి ఎవరివో పక్కటెముకలు కనిపించేవి.

ఇంత చేసి ఊరి పడమటి చివరనున్న టాటీబంధ్ వైపు తిరిగి చూస్తే, ఆ దిక్కునున్న ఉక్కు కర్మాగారం వాళ్లు కరిగిన కొలిమి మడ్డి పారబోసినప్పుడల్లా పడమటి ఆకాశం ఎర్రగా మండేది. ఆ వెలుగులో పేపరు చదువుకోవచ్చనిపించేది. "మనం లైట్లార్పి ఎవరికి దాక్కుంటున్నాం నాన్నా?" అనడిగాను. "అది వాళ్ల డిపార్ట్‌మెంటు. మన వీధి మన డిపార్ట్‌మెంటు" అన్నాడు.

అన్నీ కుదిరాయి కానీ స్ట్రెచర్ లేదు. నాన్న ఇల్లంతా కలియజూసి, చివరికి అన్నయ్య పడుకునే నవారు మంచం ముందు ఆగాడు. రంపం తెచ్చాడు.

"అది పిల్లాడి మంచం. దాని కాళ్లు కోస్తారా? నోటితో అనడానిక్కూడా బాగోలేదు" అంది అమ్మ.

"యుద్ధమంటే తలా ఒకటి ఇవ్వాలే. స్ట్రెచర్ కావాలంటే ఎక్కణ్ణుంచి ఊడిపడుద్ది?"

"వాడొచ్చి ఎక్కడ పడుకుంటాడు?"

రంపం ఆగింది. నాన్న తలెత్తలేదు. "వాడొచ్చేలోగా మళ్లీ బిగించేస్తాలే" అని మిగతాది కోసేశాడు.

అమ్మ ఆ నాలుగు కాళ్లూ ఏరి, పాత చీరలో చుట్టి, అటక మీద పెట్టింది. ఆ రోజంతా నాన్నతో మాట్లాడలేదు. నాకూ ఒళ్లు మండింది. కొడుకు నిజంగా తూటాల మధ్య ఉంటే, ఈయన ఇక్కడ వాడి మంచంతో యుద్ధం ఆడుకుంటున్నాడనిపించింది.

మంచానికి రెండు పక్కలా వెదురు కర్రలు కట్టి రోజూ కవాతు జరిపించేవాడు. గాయపడినవాడి వేషం ఎప్పుడూ బాబాయిగారిదే. ఆయన భారీ మనిషి. "దెబ్బ తగిలినోడు పరిగెట్టక్కర్లేదు గదమ్మా, నాకిదే బాగుంది" అని ముందే వెళ్లి పడుకునేవాడు. నవారు జారి ఆయన ఉయ్యాల్లో పసిపిల్లాడిలా ముడుచుకుపోయేవాడు. ఒకసారి వీధి చివరిదాకా మోసుకెళ్లేసరికి గురక పెడుతున్నాడు.

"నడుం విరిగినవాణ్ణి ఇలా మోశామంటే ఇంక బాంబు అక్కర్లేదు" అన్నాను.

నేను ఎకసెక్కంగా అన్నాను. నాన్న మాత్రం నిజంగానే తీసుకున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం రేడియోలో వార్తలు అయిపోగానే మంచం పక్కన కూర్చుని నవారు విప్పి, మళ్లీ లాగి బిగించేవాడు. వార్తల్లో తూర్పు వైపు పోరు గట్టిగా ఉందని చెప్పిన రోజున ఇంకా ఎక్కువసేపు బిగించేవాడు.

ఒక సాయంత్రం పౌరరక్షణ ఆఫీసరు జీపులో తనిఖీకి వచ్చాడు. సైరన్ మోగింది. వీధి మొత్తం చీకటి. పొయ్యిలో నిప్పు కూడా కనిపించలేదు. ఆఫీసరు ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి "బహుత్ అచ్ఛా, గార్డ్ సాబ్" అన్నాడు. నాన్న ఛాతీ ఉబ్బింది. అంతా సవ్యంగా ఉందని తేలాక ఒక గార్డు ఏం చేస్తాడో అదే చేశాడు. విజిల్ ఊది, దీపం ఆకుపచ్చకి తిప్పి, వీధి పొడవునా కనిపించేలా ఊపాడు.

రైల్వే కాలనీలో దాని అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తుఫాను వచ్చినా, ప్రళయం వచ్చినా, గార్డు పచ్చదీపం ఊపాడంటే ఇక కదలొచ్చని. అన్ని ఇళ్లలోనూ ఒక్కసారిగా లైట్లు వెలిగాయి. కిటికీల నిండా పక్కటెముకలు, మోకాలి చిప్పలు, ఒకచోట పుర్రె.

"యే క్యా హై, గార్డ్ సాబ్?" అని ఆఫీసరు కేక పెట్టాడు.

నాన్న చేతిలో దీపం ఇంకా ఊగుతూనే ఉంది. "ఆదత్ సే మజ్‌బూర్, సర్" అన్నాడు. అలవాటు మరి, ఏం చేస్తాడు. యుద్ధం మొదలయ్యాక అమ్మ నవ్వడం నేను చూసింది అప్పుడే. పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

మా సైన్యం చేతికి పని తగలకముందే అసలు యుద్ధం అయిపోయింది. మిఠాయిలు పంచారు. కిటికీల మీద ఫిల్ములు పీకేశారు. క్రిస్మస్‌కి కాలనీలో మా తెలుగు క్రైస్తవుల ఇళ్ల మీద కాగితం నక్షత్రాలు ఎక్కాయి. మా ఇంటి మీద ఎక్కలేదు. "వాడి కబురు తెలిశాక చూద్దాం" అంది అమ్మ. నాన్న యుద్ధం ముగిసినా సాయంత్రం నవారు బిగించడం మానలేదు. మానమని చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

కొత్త సంవత్సరం వచ్చాక టెలిగ్రాం వచ్చింది. గాయపడ్డాడు, కోలుకున్నాడు, కలకత్తా నుంచి మెయిల్లో వస్తున్నాడు. గాయం ఎక్కడో అందులో లేదు. ఏదుందో ఏది పోయిందో తెలియని ఆ టెలిగ్రాం పట్టుకుని అమ్మ నన్నడిగింది, నర్సువి కదా చెప్పు అని. నేను మందుల పెట్టె సర్దడం మొదలుపెట్టాను.

స్టేషనుకి బయల్దేరేటప్పటికి వీధంతా గుమ్మాల ముందు నిలబడి ఉంది. కవాతుకి ఒక్కనాడూ పూర్తిగా రాని కాల్బలం ఆ రోజు డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చింది. ముందు విజిల్ మెళ్లో వేసుకుని నాన్న. వెనక నలుగురు మోస్తున్న కాళ్లు లేని మంచం. దాని వెనక మందుల పెట్టెతో నేను, నా చెయ్యి పట్టుకుని అమ్మ. ప్లాట్‌ఫారం మీద కూలీలు మమ్మల్ని చూసి నవ్వారు. నాకు తలకొట్టేసినట్టయింది.

మెయిలు ఆగింది. అన్నయ్య చేతికర్ర పట్టుకుని, ఒక కాలు బిగుసుకుపోయినట్టు ఈడుస్తూ, తనంతట తనే దిగాడు. సగమైపోయాడు. అమ్మ వాడి కాళ్లవైపే చూసింది. రెండూ ఉన్నాయి.

వాడు మా సైన్యాన్ని చూశాడు. నవ్వుతాడనే అనుకున్నాను. నిజమైన సిపాయి కదా, నవ్వకేం చేస్తాడు? వాడు దగ్గరికొచ్చి, కాళ్లు కోసిన చోట చెక్క మీద చెయ్యి పెట్టాడు.

"ఇది నా మంచం కదూ?"

"నువ్వొచ్చేలోగా బిగించేద్దామనే అనుకున్నాన్రా..." అన్నాడు నాన్న.

"పడుకో బాబూ. నాను రోజూ పడుకుని సూసినాను, బాగుంటాది" అన్నాడు బాబాయిగారు.

నడవగలిగినవాడు, నడవగలనని ఒక్కమాట అనకుండా పడుకున్నాడు. చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు. నలుగురూ ఎత్తారు. నవారు అంగుళం కూడా జారలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అటక మీంచి చీర మూట దింపింది. నాన్న సుత్తి, మేకులు తెచ్చుకుని కూర్చున్నాడు.

"వద్దు నాన్నా" అన్నాడు అన్నయ్య. "అక్కడ నది ఒడ్డున మోకాలి లోతు బురద. బండి రాదు, ఏదీ రాదు. నా పక్కవాడికి కడుపులో తగిలింది. వీపు మీద వేసుకుని నడిచాను. అడుగేసినప్పుడల్లా దింపెయ్యమని ఏడ్చాడు. నేను దింపలేదు. దింపేటప్పటికి లేడు." నేలమీది మంచం చూపించి, "ఇలాంటిది ఒకటుంటే పడుకునే పోయేవాడు. కాళ్లు పెట్టొద్దు. ఎవరికన్నా కావాల్సొస్తుంది" అన్నాడు.

నాన్న సుత్తి పక్కన పెట్టేశాడు. ఆ పూటే మా ఇంటి మీద నక్షత్రం ఎక్కింది, అందరూ దించేసిన తర్వాత.

అన్నయ్య ఆ మంచం నేలమీద వేసుకునే పడుకునేవాడు. వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరు మెట్ల మీంచి పడ్డా వచ్చి తీసుకెళ్లేవాళ్లు. ఆ రోజుల్లో వాడు చాప పరుచుకునేవాడు. నాన్న మాత్రం సాయంత్రం వార్తలవగానే నవారు బిగిస్తూనే ఉండేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం శ్రీకాకుళం బాబాయిగారు గుండె పట్టుకుని కూలిపోయాడు. ఈసారి వేషం కాదు. మంచం తెచ్చారు కానీ అంత భారీ మనిషిని ఎత్తడానికి ముగ్గురే ఉన్నారు. అన్నయ్య చేతికర్ర గోడకి ఆనించి, వచ్చి నాలుగో మూల పట్టుకున్నాడు.