యుద్ధం నీళ్లతో చారు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైడెల్‌బర్గ్ వెళ్లే రైల్లో, పక్కసీట్లో బియ్యం బస్తాను కూర్చోబెట్టుకున్న తెలుగు యువకుడు కనిపించాడు.

"ఇంట్లో పెళ్లా?" అన్నాను.

"యుద్ధం సార్."

యుద్ధం ఇక్కడిదాకా వస్తే పనికొస్తాయి, తిండీ నీళ్లూ దాచుకోండని జర్మనీ ప్రభుత్వం చెప్పిందట.

"మన దేశం ఏ పక్షమూ కాదు కదయ్యా?"

"దేశం కాదు సార్. కడుపుతో ఉన్న నా భార్య మాత్రం ఇక్కడే ఉంది."

అందుకే కెల్లర్ నిండా, అంటే ఇంటి కింది గదినిండా, సరుకులు నింపాడు. కరీంనగర్ నుంచి వచ్చిన అత్తగారు అవన్నీ కూతురి సీమంతానికనుకుంది. అతను ఆఫీసు నుంచి వచ్చేసరికి మొత్తం వండేసి, బిల్డింగులోని జర్మన్లందరికీ వడ్డిస్తోంది. యుద్ధం నీళ్లతో చారు పెట్టింది.

"లబోదిబోమన్నాను సార్. 'లడాయొస్తే నువ్వొక్కనివే తలుపేసుకొని తింటవా బిడ్డా?' అంది. ఆ చారు తాగిన పైఅంతస్తు పెద్దాయన, నొప్పులు ఎప్పుడొచ్చినా కారు తీస్తానని మాటిచ్చాడు."

"మరి ఈ బస్తా, మళ్లీ కెల్లర్‌కా?"

"ఆయనకే సార్. రోజూ భోజనానికొస్తున్నాడు."

హైడెల్‌బర్గ్‌లో మా అమ్మాయి ఇంటికి చేరాక, పైఅంతస్తులో ఎవరుంటారని తనను అడిగాను. తెలియదంది.

రేపు పులిహోర కాస్త ఎక్కువ కలపమన్నాను.