నిచ్చెన దగ్గర ఆరో ర్యాంకు

ఆ రోజుల్లో మనిషి విలువ ఎంతో తెలియాలంటే మా తిరుపతి బస్టాండు వెనక ఉన్న నెట్ సెంటరు గోడ చూస్తే చాలు. అక్కడొక నల్లబోర్డు, దాని మీద సుద్దముక్కతో పది పేర్లు, పక్కన ర్యాంకులు. బ్రాడ్‌బ్యాండు ఊళ్లోకి కొత్తగా వచ్చిన కాలం. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, తుపాకులతో కాల్చుకునే ఆట. నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు, లారీ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాని. (దాన్నే నా యవ్వనం అనుకోండి, అంతకుముందు నాకది వచ్చినట్టు గుర్తులేదు.) తిరుపతి మొత్తానికీ మొదటి ర్యాంకు నాదేనని బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటాను. మొదటిది అనడం కాస్త ఎక్కువే. అయిదోది. ఆ బోర్డు ఇప్పుడు లేదు గనక అయిదని చెప్పి ఊరుకోవచ్చు గానీ, నిజానికి ఆరోది.

ఆ ఆట నాకు నేర్పింది గాజుల సాయబు. పాతికేళ్లవాడు, బజారులో వాళ్ల నాయనకు గాజుల అంగడి. ఎంత బిగుతు చేతికైనా గాజు చిట్లకుండా ఎక్కించే వేళ్లు. మౌసునూ అంతే సుతారంగా పట్టుకునేవాడు. జట్టును కూడగట్టింది అతనే. ప్రతి ఆటలోనూ తలుపు దాటి ముందు దూకేదీ అతనే. ఎదుటివాళ్లు అతని మీద తూటాలు ఖర్చు చేస్తుంటే, మేం వెనక నుంచి నింపాదిగా వాళ్లను కాల్చేవాళ్లం. బోర్డు మీద లెక్క వేరు: చంపితే ఒకటి కలుపుతారు, చస్తే ఒకటి తీసేస్తారు. అందువల్ల అందరినీ గెలిపించే అతను అయిదో ర్యాంకు, అతని వీపు వెనక దాక్కునే నేను ఆరు. నాకింకో జబ్బు కూడా ఉండేది. ఆ ఆటలో గోదాము మీదికి ఒక నిచ్చెన ఉంటుంది. ఎక్కేటప్పుడు పైకి చూడాలి. నేను కిందికి చూసేవాణ్ణి. చూసి, జారి, చచ్చేవాణ్ణి. “పైకి సూడప్పా, పైకి! కింద ఏముండాది, మీ లారీ ఆఫీసా?” అని సాయబు నెత్తి కొట్టుకునేవాడు.

సెంటరు ఓనరును మేం ప్లగ్గన్న అనేవాళ్లం (గంట దాటితే నోటితో చెప్పడు, ప్లగ్గు పీకేస్తాడు). ఒకరోజు అతను ప్రకటించాడు: చిత్తూరు సెంటరుతో నెట్టు మీద పోటీ, గెలిచిన జట్టు బెంగుళూరుకు పోతుంది, శనివారం నాటి బోర్డులో మొదటి అయిదుగురే జట్టు. సాయబు ఆనందం పట్టలేకపోయాడు. “మా నాయన నన్ను పలమనేరు దాటనిచ్చింది లేదప్పా. ఊరికే ఆ పెట్టె ముందర కూర్చోని కండ్లు పోగొట్టుకుంటాండావంటాడు. ఒక్కతూరి బెంగుళూరులో గెల్సి సూపిస్తే సాలు, ఇంగ నోరెత్తడు.”

అతనికీ నాకూ మధ్య తేడా పదమూడు పాయింట్లు. ర్యాంకు పెరగడానికి ఉన్నవి రెండే దారులు: మనం పైకెక్కడం, లేదా పైనున్నవాణ్ణి దించడం. మొదటి దారిలో నిచ్చెన ఉంది.

ఆ ఆటలో కూర్చునేటప్పుడు పేరు టైపు చేస్తే చాలు, నువ్వెవరని అడిగే దిక్కు లేదు. మంగళవారం నాడు సాయబు గాజుల పెట్టె మోసుకుని వడమాలపేట పక్క పల్లెలకు వెళ్తాడు. ఆ మధ్యాహ్నం భోజనానికని ఆఫీసులో చెప్పి, సెంటరులో మూల క్యాబిన్‌లో కూర్చుని, అతని పేరు టైపు చేశాను. ప్లైవుడ్ అడ్డాల మధ్య ఎవరికీ ఎవరూ కనబడరు. చావడం నాకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు గదా. నలభైసార్లు చచ్చాను. (ఇన్నేళ్లూ నాకు నేను కూడా నలభై అనే చెప్పుకుంటూ వచ్చాను. అరవై రెండు.)

శనివారం బోర్డు మీద అయిదో పేరు నాది. సాయబు పేరు తొమ్మిదోది.

“మంగళవారం నేను ఊర్లోనే లేను గదన్నా!” అన్నాడు సాయబు.

“కంప్యూటర్లో ఉండాది గదప్పా. కంప్యూటరేమన్నా అబద్ధం సెప్తాదా?” అన్నాడు ప్లగ్గన్న.

జట్టులో ఇంకొకడు సాయబు వైపు తిరిగి అందుకున్నాడు. “ఆ పొద్దు నేనూ ఆడినానన్నా. నిచ్చెన కాడ సచ్చినావు, మళ్లా లేసి నిచ్చెన కాడే సచ్చినావు. తాగినావేమో అనుకున్నా.”

నేను కీబోర్డు మీద అక్షరాలు శ్రద్ధగా చదువుతూ కూర్చున్నాను.

ఆదివారం పోటీ. అతను రాడనుకున్నాను, వచ్చి మా కుర్చీల వెనక నిలబడ్డాడు. ఆట మొదలైంది. మొదటి తలుపు దగ్గర అయిదుగురం ఒకరి వెనక ఒకరు ఆగిపోయాం.

“ముందర ఎవురు పోతారు?”

“నువ్వు పో.”

“నేనెప్పుడన్నా పోయినానారా? నువ్వు పో.”

“నాది రెండో ర్యాంకు, నేనెందుకు సావాల?”

మేం ఇలా మర్యాదలు చేసుకుంటుంటే చిత్తూరువాళ్లు ఒకే ఒక్క బాంబు విసిరారు. అయిదుగురం దానికే పోయాం. ఆట ఆటకూ అదే తలుపు, అదే తగువు. చివరి ఆటలో నేనొక్కణ్ణే మిగిలాను. పరువైనా దక్కుతుందని నిచ్చెన ఎక్కాను. కిందికి చూశాను.

మిగతా నలుగురూ ఒకరినొకరు తిట్టుకునే సందడిలో ఉన్నారు. నా చెవి దగ్గర సాయబు గొంతు, చాలా మెల్లగా: “మంగళవారం గూడా కిందికే సూసినావా అప్పా?”

నేను తల తిప్పలేదు. తిప్పేసరికి అతను లేడు. మళ్లీ సెంటరుకు రాలేదు. బెంగుళూరుకు చిత్తూరువాళ్లు పోయారు. బోర్డు మీద మాత్రం నేను ఇంకో వారం అయిదో ర్యాంకులోనే ఉన్నాను, చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా. (మర్నాడే వెళ్లి క్షమించమన్నానని మొదట రాసి కొట్టేశాను. వెళ్లలేదు.)

మా ఆవిడ ఇప్పటికీ ఆ అంగట్లోనే గాజులు వేయించుకుంటుంది. నేను వీధి మలుపులోనే ఆగిపోతాను, మోకాళ్ల నొప్పి అని చెబుతాను. పోయిన నెల చేతుల నిండా గాజులతో తిరిగొచ్చి అంది: “ఆ సాయబన్న మిమ్మల్ని అడిగినాడు. నిచ్చెనెక్కేటప్పుడు పైకి సూడమన్నాడు. మనింట్లో నిచ్చెన ఉండే సంగతి ఆయప్పకెట్ల తెలుసు?”

“ఎవురింట్లో ఉండదులే” అన్నాను.

ఆ సాయంత్రం నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూడడానికి మిద్దె మీదికి నిచ్చెన వేశాను. ఒక మెట్టెక్కి పైకి చూశాను. ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన విద్య. అరవై రెండుసార్లు చచ్చి మరీ అయిదో ర్యాంకు సంపాదించిన ఆ ముప్పై తొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వుకుంటూ ఆ మొదటి మెట్టు మీదే చాలాసేపు నిలబడ్డాను. ముందర ఎవరైనా వెళ్తే బాగుండుననిపించింది.