నీళ్లు చూశానన్నాను

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటికి పోబుద్ధి కాక గోదావరి గట్టు వెంట నడుస్తూ ఉంటే, రేవు పక్కన ఖాళీ జాగాలో ఒక పెద్ద వ్యాను ఆగి కనిపించింది. మామూలు వ్యాను కాదు. లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, కిటికీలకు పూల పరదాలు, ఒక కాపురాన్ని తెచ్చి చక్రాల మీద పెట్టినట్టు ఉంది. విశాఖపట్నం నుంచి బయలుదేరిన కుర్ర దంపతులట, ఊళ్లు చూసుకుంటూ తిరుగుతున్నారట. ఆ అబ్బాయి సీటు కింద నుంచి బ్యాటరీని సగం బయటకు లాగి, మూతలు విప్పి, ఫోను లైటు వేసుకుని లోపలికి తొంగి చూస్తున్నాడు. అలాంటి దృశ్యం కనబడితే నాలాంటివాడు దాటి వెళ్లగలడా? ఆగాను.

"అంకుల్, ఇక్కడ డిస్టిల్డ్ వాటర్ ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు. దుకాణం చెప్పి నా దారిన నేను పోవచ్చు కదా, పోలేదు. ముందు ప్లేట్లు మునిగేటంత మాత్రమే పొయ్యమని, చార్జింగు పూర్తయ్యాకే మిగతాది పొయ్యమని, అంచుదాకా నింపితే చార్జి ఎక్కేటప్పుడు పొంగి యాసిడ్ బయటకొస్తుందని, తగ్గింది కదా అని కొత్త యాసిడ్ మాత్రం కలపవద్దని, మూతలు తీసి ఉన్నప్పుడు దగ్గర అగ్గిపుల్ల గీయవద్దని పావుగంట పాఠం చెప్పాను. ఆ అమ్మాయి గ్లాసుతో కాఫీ చేతికిచ్చి, ఇవన్నీ మీకెలా తెలుసండీ అని ఆశ్చర్యపోయింది. ఆస్పత్రి వ్యాను నడిపానమ్మా, ఉద్యోగమంతా దాని మీదే గడిచింది అన్నాను గొప్పగా. నడిపిన మాట నిజమే గానీ ఆ బ్యాటరీల సంగతి నాకేమీ తెలియదు. నేను చెప్పినవన్నీ మా ఆవిడ మాటలు. చేసింది ఆవిడ, పేరు కొట్టేసింది నేను. ఆవిడ పోయి ఏడాది దాటినా ఈ బుద్ధి నన్ను వదల్లేదని ఆ కాఫీ తాగుతూ ఉండగానే తెలిసివచ్చి, సగం గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, లంక గ్రామాలకు సరైన రోడ్లు లేని రోజుల్లో మిషను ఆస్పత్రి వ్యాను వచ్చేది. నేను దానికి డ్రైవరును, మా ఆవిడ నర్సు. సోమవారం పొద్దున్నే బయలుదేరి, పంటు మీద ఏరు దాటి, ఒక లంక తర్వాత ఒక లంక, ఆ పైన సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ల పల్లెలు చూసుకుని శుక్రవారానికి తిరిగొచ్చేవాళ్లం. డాక్టరమ్మ మధ్యలో ఒకరోజు జీపులో వచ్చి చూసి వెళ్లేది, మిగతా రోజులన్నీ మేమిద్దరమే. వ్యాను వెనక భాగంలో రెండు బల్లలు, పగలు వాటి మీద రోగులు, రాత్రి మేము. కిరసనాయిలు స్టవ్వు మీద చారు కాచేది, పల్లెవాళ్లు ఏ చేపో ఇస్తే ఆ రోజు పండగ. మాకు పెళ్లయ్యాక మొదటి కాపురం అదే. ఇల్లంటూ అద్దెకు తీసుకున్నది అమ్మాయి కడుపున పడ్డాకే.

ఆ బల్లల కింద రెండు బ్యాటరీలు ఉండేవి. లోపలి లైట్లు, ఒక చిన్న ఫ్యాను, ఊళ్లోకి రాగానే జనాన్ని పిలిచే మైకు, అన్నీ వాటి మీదే నడవాలి. ఏ పురిటి కేసో వచ్చిందంటే ఆ లైటే దిక్కు. అందుకని ప్రతి శనివారం వ్యాను షెడ్డులో ఉండగా మా ఆవిడ వాటి ముందు కూర్చునేది. తడిగుడ్డతో పైన దుమ్ము తుడిచి, మూతలన్నీ విప్పి వరసగా పేర్చి, ఆస్పత్రిలో ఇంజెక్షన్ల కోసం కాచి పట్టే డిస్టిల్డ్ వాటరు సీసా ఒంచి, ఇంజెక్షను చేసినంత ఓపికగా ఒక్కో గదిలో పోసేది. నేను పక్కన నిలబడి, అయిందా, అయిందా అని ప్రాణం తీసేవాణ్ణి. ఆస్పత్రి సూపరింటెండెంటుగారు అటుగా వస్తే మాత్రం నేను వంగి ఒక మూత బిగిస్తూ కనబడేవాణ్ణి. బండిని బాగా చూసుకుంటున్నావయ్యా అని ఆయన మెచ్చుకుంటే మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ గుడ్డ పిండుకునేది.

ఒకసారి ఆవిడ పుట్టింటికి వెళ్లినప్పుడు నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. సీసాలో నీళ్లు అయిపోయాయి. వర్షాకాలమైతే ఆరుబయట పింగాణీ బేసిను పెట్టి నేరుగా ఆకాశం నుంచి పడ్డ నీళ్లు పట్టేది ఆవిడ, చూరు నీళ్లు ముట్టనిచ్చేది కాదు. అది ఎండాకాలం. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి, ఈ నీళ్లకంటే మంచి నీళ్లు లోకంలో ఎక్కడుంటాయని నాకు గట్టి నమ్మకం. ఏటి నడుమ నుంచి బిందెడు తెచ్చి, మడ్డి కిందికి దిగేందుకు ఇండుపగింజ అరగదీసి కలిపి తేర్చి, పంచె మడతపెట్టి వడకట్టి మరీ పోశాను. అలా రెండు మూడు సార్లు పోశాను. వర్షాలు మొదలయ్యేలోపే రెండు బ్యాటరీలూ చచ్చాయి. సూపరింటెండెంటుగారు మా ఆవిణ్ణి పిలిచి నిలబెట్టి చీవాట్లు పెట్టారు, బ్యాటరీలు నీ బాధ్యతని డ్రైవరే చెప్పాడు కదా అని. అవును, నేనే చెప్పాను. ఆవిడ తలొంచుకుని విని వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. మూడు రోజులు చారులో ఉప్పు వెయ్యలేదు, అంతే.

రిటైరయ్యాక రాజమండ్రిలోనే చిన్న ఇల్లు కట్టుకున్నాం. వ్యాను పోయినా మా ఆవిడకు బ్యాటరీ పోలేదు, మెట్ల కింద ఇన్వర్టరు వచ్చింది. శనివారం రాగానే సీసా పట్టుకుని అక్కడ చతికిలబడేది. అలా ఉండగా ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు ఆవిణ్ణి పట్టుకుంది. ఆక్సిజన్ మిషను ఇంట్లో పెట్టించుకోమన్నారు, పగలూ రాత్రీ ముక్కుకు గొట్టం ఉండాలన్నారు. కాకినాడ నుంచి మా అమ్మాయి వచ్చి, కరెంటు పోతే ఎలాగని పాత బ్యాటరీ తీయించి తన జీతంతో పెద్దది కొని పెట్టించి వెళ్లింది. మూడు గంటలు నడుస్తుంది, భయం లేదంది.

ఆ గొట్టం పొడవు వంటింటి గుమ్మం దాకా వచ్చేది, మెట్ల కిందికి చాలేది కాదు. అందువల్ల మా ఆవిడ శనివారం పొద్దున మంచం మీద నుంచే అడిగేది.

"ఏమండీ, బ్యాటరీలో నీళ్లు చూశారా?"

మొదట్లో చూశాను, పోశాను కూడా. తర్వాత ఒక శనివారం సీసా ఖాళీ అయింది, తెద్దాంలే అనుకున్నాను. ఆవిడ అడిగితే చూశానన్నాను. మరుసటి వారం మోకాళ్ల నొప్పి, మెట్ల కింద వంగాలంటే విసుగు. చూశానన్నాను. ఆ పై వారం పేపరు చదువుతున్నాను, తల కూడా ఎత్తకుండా చూశానన్నాను. ఒకసారి అలవాటైన అబద్ధం ఎంత సుళువుగా వస్తుందో చెప్పలేను, అది అబద్ధమని కూడా అనిపించదు. చలి రోజులు పోయి ఎండలు ముదిరాయి, ఆ ఎండల్లో నీళ్లు ఇంకా తొందరగా ఇగిరిపోతాయని నాకు తెలుసు. ఒకటి రెండు సార్లు ఆవిడ, ఏదో కుళ్లిన గుడ్డు వాసన వస్తోందండీ అంది. అది బ్యాటరీ వాసనేమోనని లోపల అనిపిస్తున్నా, పక్కవాళ్ల మురిక్కాలవ అన్నాను. ఆవిడ నా ముఖం వైపు కాసేపు చూసి కళ్లు మూసుకుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. వీధిలో స్తంభం కూలిందని కేకలు, కరెంటు పోయింది. ఇన్వర్టరు ఉందిగా అని నేను తాపీగా కిటికీలు మూస్తున్నాను. పది నిమిషాలు కూడా కాలేదు, అది కీచుమని అరిచి ఆగిపోయింది. మిషను ఆగింది. అక్కరకు ఉంచుకున్న చిన్న సిలిండరు నింపడానికి దుకాణంలో ఉంది. ఆవిడ లేచి కూర్చుని రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి గాలి కోసం ఎగపీలుస్తోంది. నేను పేపరుతో విసురుతున్నాను. ఊపిరి ఆడని మనిషికి పేపరుతో విసరడమేమిటో, చేతులకు ఇంకేం చెయ్యాలో తెలియలేదు. పక్కింటివాళ్లు కారు తీశారు. చెట్లు పడి దారి మూసుకుపోయి, చుట్టు తిరిగి ఆస్పత్రి చేరేసరికి ఆవిడ పెదవులు నేరేడుపండు రంగుకు వచ్చాయి.

నాలుగు రోజులు ఉంది. ఆ మధ్యలో బట్టలకని ఇంటికి వచ్చినప్పుడు మెకానిక్కును పిలిపించాను. అతను మూతలు విప్పి టార్చి వేసి చూసి, "నీళ్లు పోసి ఎన్నాళ్లయిందండీ?" అన్నాడు. ఆరు గదుల్లో ఆరూ ఎండిపోయి, ప్లేట్లు తెల్లగా బూడిద పట్టి ఉన్నాయి. ఆవిడ పోయాక డాక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, జబ్బు ఆఖరుకు వచ్చేసిందండీ, ఆ రోజు కరెంటు పోకపోయినా ఎన్నో వారాలు ఉండేవారు కాదు అన్నారు. మంచివాడు, అందరికీ అలాగే చెబుతాడేమో. ఎన్నో వారాలు కాకపోతే ఒక్క వారం అనుకుందాం. ఆ వారం ఆవిడది. దాన్ని నేను తినేశాను.

నలభయ్యో రోజు ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక నేనూ అమ్మాయీ గ్లాసులు కడుగుతున్నాం. అమ్మాయి తనంతట తానే చెప్పింది. ఆస్పత్రిలో రెండో రోజున వాళ్లమ్మ మాస్కు పక్కకు జరిపి, దగ్గరకు రమ్మని పిలిచి, "నాన్నగారిని ఏమీ అనకమ్మా, ఆ బ్యాటరీ పాతదైపోయింది" అందట. అంతకంటే మాట్లాడలేకపోయిందట.

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నలభై రోజులుగా దాచుకున్న మాట అప్పుడు బయటకు వచ్చింది.

"అది పాతది కాదమ్మా" అన్నాను.

అమ్మాయి పంపు కట్టేసి, నా చేతిలోని గ్లాసు తీసుకుని తుడిచి బోర్లించింది.

"తెలుసు నాన్నా. కొన్నది నేనే కదా."

ఇంకేమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, ఈ రోజుకీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వాళ్లమ్మ మాట నిలబెట్టాలనుకుందో, నన్ను చూసి జాలిపడిందో అడిగే ధైర్యం నాకు లేదు.

కాలం మారిపోయింది. మా రోజుల్లో ఇంట్లో ప్రతి వస్తువూ ఎవరో ఒకరు కూర్చుని చూసుకుంటేనే నడిచేది. దీపం చిమ్నీ తుడవాలి, స్టవ్వు వత్తులు కత్తిరించాలి, బ్యాటరీకి నీళ్లు పొయ్యాలి. అదంతా చాకిరీ అనుకున్నాం గానీ, ఆ చాకిరీ చేసే మనిషి మన వెనకాల ఉన్నారని రోజూ తెలుస్తూ ఉండేది. ఇప్పుడు ఏదీ మనల్ని పట్టించుకోమని అడగదు. పోయినేడు మా అల్లుడుగారు కొత్తరకం బ్యాటరీ తెచ్చి పెట్టారు, దీనికి నీళ్లు అక్కర్లేదు మావయ్యగారూ, మీరు దాని జోలికే వెళ్లక్కర్లేదు అన్నారు. నేను మాత్రం రోజూ పొద్దున్నే మోకాళ్లు పట్టుకుని మెట్ల కిందికి వంగుతాను. కాసేపు అలాగే కూర్చుంటాను. విప్పి చూద్దామన్నా దానికి మూతల్లేవు.