ఆయాసానికి ఉచ్చీరమ్మ కట్టిన లెక్క

ఆదోనిలో పత్తి మిల్లుల వెనక వీధిలో ఉండే ఉచ్చీరమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదని ఎరిగినవాళ్లంతా అంటారు. అయినా ఒక్క విషయంలో మాత్రం ఆమె రెండేళ్లపాటు తడబడకుండా అబద్ధమాడింది. ఒంట్లో ఎట్లా ఉందని ఎవరడిగినా, తనకేం దుక్కలా ఉన్నానని, ఇంటి పనులన్నీ తానే చేసుకుంటున్నానని చెప్పేది.

ఇరవై ఎనిమిదేళ్లు జిన్నింగ్ మిల్లులో చేసిన మనిషి. పత్తిలోంచి గింజలు తీసే జిన్ను మిషను ముందు నిలబడి పత్తి అందిస్తూ, గాల్లో తేలే దూది నుసి పీలుస్తూ, పక్కనున్న ఆడవాళ్లను కడుపుబ్బ నవ్విస్తూ ఆ ఏళ్లన్నీ గడిపింది. ఆ నుసికి ఇంట్లో కట్టెల పొయ్యి పొగ తోడైంది. యాభై అయిదో ఏట డాక్టరు ఊపిరితిత్తుల జబ్బని తేల్చి, ఇది పూర్తిగా పోయేది కాదని, నోట్లో కొట్టుకునే పంపు రోజూ వాడమని చెప్పాడు. ఉచ్చీరమ్మ మిల్లు మానేసింది, గ్యాసు పొయ్యి పెట్టించుకుంది, పంపు వాడింది. పనులు మాత్రం ఒక్కొక్కటే చేతిలోంచి జారిపోతూ వచ్చాయి.

చేతులు పైకెత్తితే ఊపిరి అందేది కాదు. అందుకని బట్టలు ఆరేసే పని మొగుడు దుర్గప్పకు అప్పగించింది. జడ వేసుకోవడానికి కుదరక, నీ చెయ్యి చల్లగా ఉంటుందని మెచ్చుకుని పక్కింటి హుసేనమ్మ చేత తల దువ్వించుకునేది. ఎమ్మిగనూరులో కాపురముంటున్న కూతురు భారతి ఇంటికి పోయి ఏడాది దాటింది. అడిగితే మోకాళ్ల నొప్పులనేది. ఆమె మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

ఆ ఎండాకాలం చివర్లో డాక్టరు ఆమెను ఆస్పత్రిలో కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి పేరు అంజలి, గూడూరు పిల్ల. డాక్టరు దగ్గర నోటితో ఊదే మిషను మనిషిలో ఊపిరి ఎంతుందో చెబుతుందని, ఆ ఊపిరితో మనిషి ఇంట్లో ఏం చేసుకోగలుగుతోందో అది చెప్పదని, అది కనుక్కోవడమే తన పని అని అంజలి వివరించింది. ఆరు నిమిషాలు వరండాలో అటూ ఇటూ నడవాలని, పరుగెత్తకూడదని, అలిసిపోతే ఆగవచ్చని చెప్పి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే చిన్న క్లిప్పు వేలికి తగిలించింది.

వరండా రెండు చివర్లా కుర్చీలు పెట్టి ఉన్నాయి. బెంచీల మీద పదిమంది కూర్చుని చూస్తున్నారు. చూసేవాళ్లు ఉంటే ఉచ్చీరమ్మకు ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. కొంగు నడుముకు బిగించి, బస్సు కదిలిపోతున్నట్టు విసవిసా నడిచింది. రెండో నిమిషానికి గోడ పట్టుకుని నిలబడిపోయింది. మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. ఆరు నిమిషాలయ్యేసరికి రెండువందల పది మీటర్లు తేలింది.

ఆయాసం సున్నా నుంచి పది వరకు ఎంతుందో చెప్పమని అంజలి అడిగింది. ఉచ్చీరమ్మకు ఆ లెక్క పట్టుబడలేదు. కాసేపు కూర్చుని, ఊపిరి తీసుకుని, తన లెక్క తాను చెప్పింది.

“సూడు పాపా. మా మొగున్ని తిట్టేదానికి ఓపికుంటే సున్నా. తిట్టు సగంలో ఆగిపోతే అయిదు. తిట్టు మనసులోనే ఉండిపోతే పది.”

“ఇప్పుడెంత పెద్దమ్మా?”

“ఏడు. మొదలుపెట్టినాను గానీ గొంతులోనే ఉండిపోయింది.”

బెంచీ మీద కూర్చున్న దుర్గప్ప తలొంచుకుని నవ్వుకున్నాడు. అంజలి నవ్వలేదు. ఆ మాటల్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకుంది. ఆయాసం పెరిగేకొద్దీ మాట తెగిపోతుందన్నది తాను చదువుకున్నదే కాబట్టి, ఈ లెక్కలో తప్పేమీ కనిపించలేదు.

తరవాత ప్రశ్నల కాగితం తీసింది. మేడమెట్లు ఎక్కగలరా అన్నది మొదటి ప్రశ్న. తన ఇల్లు రేకుల ఇల్లని, దానికి మెట్లే లేవని ఉచ్చీరమ్మ చెప్పింది. తోటపని చేసుకోగలరా? తోట లేదు. కార్పెట్లు దులపగలరా? అవి తమ ఇంట్లో ఎప్పుడూ లేవు. ఇట్లా లేనివాటిని పక్కన పెడుతూ పోతే, కాగితం ప్రకారం ఉచ్చీరమ్మకు రోజువారీ పనుల్లో ఏ కష్టమూ లేనట్టు తేలింది. ఆమె గెలిచినదానిలా మొగుడి వైపు చూసింది.

దుర్గప్ప పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం లేచి నిలబడ్డాడు.

“అమ్మా, ఆ కాగితం మా ఇంటికి సంబంధించింది కాదు. నీళ్లు నేనే తెస్తాండాను. బట్టలు నేనే ఆరేస్తాండాను. జడ హుసేనమ్మ ఏస్తాది. బిడ్డ ఇంటికి పోయి ఏడాదయింది. మోకాళ్లు కాదు, బస్సు ఎక్కేదానికి ఊపిరి సాలదు దీనికి.”

తాను పనులు ఎందుకు మానిందో మొగుడికి తెలుసని ఉచ్చీరమ్మ ఎన్నడూ అనుకోలేదు. కోపం రాలేదు. రెండేళ్లుగా మోస్తున్న మూటను ఎవరో అడగకుండానే దించినట్టనిపించి, కళ్లు తుడుచుకుంది. తరవాత అంజలి వైపు తిరిగి, ఆ కాగితం పక్కన పెట్టమంది. ఈ వీధి ఆడవాళ్లను అడగాల్సినవి వేరే ఉన్నాయని, రాసుకుంటానంటే చెబుతానంది.

అంజలి ఆ ఆదివారమే వాళ్లింటికి వచ్చింది. హుసేనమ్మ కూడా మిల్లు మనిషే, ఆమెకూ దగ్గుంది. ముగ్గురూ ఉగ్గాని తింటూ వాకిట్లో కూర్చుని కొత్త ప్రశ్నలు కట్టారు. కుళాయి నుంచి నిండు బిందె చంకనేసుకుని గడప దాటగలవా? పరుపు ఎత్తి ఎండలో వేయగలవా? కింద కూర్చుని రొట్టెలు తట్టి, చెయ్యి ఊతం లేకుండా లేవగలవా? తలంటుకుని జడ వేసుకోగలవా? బస్సు మొదటి మెట్టు ఒక్క ఊపున ఎక్కగలవా? హుసేనమ్మ ఒకటి చెబితే ఉచ్చీరమ్మ దాన్ని సరిచేసేది. ఉత్త బిందెకూ నిండు బిందెకూ తేడా ఉండాలని ఒకరు, ఒడిలో పిల్లతో బస్సెక్కడం వేరే రాయాలని ఇంకొకరు పట్టుబట్టారు. చివరికి పద్నాలుగు ప్రశ్నలు తేలాయి. వాటిలో పదకొండింటికి ఉచ్చీరమ్మ జవాబు ‘చేయలేను’ అన్నదే. అదేదో పెద్ద మార్కులైనట్టు హుసేనమ్మతో పోల్చుకుని ఇద్దరూ నవ్వుకున్నారు.

ఈ పద్నాలుగింటిలో మొదట ఏది కావాలని అంజలి అడిగింది. ఉచ్చీరమ్మ ఆలోచించకుండానే బస్సు అంది.

ఆ తరవాత ఎనిమిది వారాలు, వారానికి రెండు రోజులు ఆస్పత్రికి పోయింది. నిదానంగా నడవడం నేర్చుకుంది, అన్నిటికన్నా కష్టమైంది అదే. కుర్చీలోంచి లేస్తూ కూర్చుంటూ తొడలకు బలం పెంచుకుంది. నీళ్ల సీసాలు రెండు చేతులతో పైకెత్తింది. వేడి టీని ఊదినట్టు పెదాలు బిగించి ఊపిరి మెల్లగా వదలాలని, బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఎత్తాలని అంజలి చెప్పింది. జడ వేసుకునేటప్పుడు మోచేతులు బల్ల మీద ఆనించుకోమంది. ఇంతకాలం ఈ సంగతి తనకెందుకు తట్టలేదా అని ఉచ్చీరమ్మ ఆశ్చర్యపోయింది. ఇంటి దగ్గర దుర్గప్ప గుమ్మం ముందు రెండు ఇటుకలు పేర్చి బస్సు మెట్టు తయారుచేశాడు. అది చాలదని ఆమె మూడోది పెట్టించింది.

ఎనిమిది వారాల తరవాత మళ్లీ అదే వరండాలో నడిచింది. రెండువందల అరవై ఎనిమిది మీటర్లు. ఊదే మిషను అంకె మాత్రం ఇంచుమించు మొదటిలాగే ఉంది. ఊపిరితిత్తులు అవేనని, ఒళ్లు మాత్రం వాటితో కాపురం చేయడం నేర్చుకుందని అంజలి చెప్పింది.

ఆ వచ్చే బుధవారం ఆదోని బస్టాండులో ఉచ్చీరమ్మ ఎమ్మిగనూరు బస్సు ముందు నిలబడింది. జనం తోసుకుంటుంటే పక్కకు జరిగి, వాళ్లను ఎక్కనిచ్చింది. తరవాత కమ్మీ పట్టుకుని, ఊపిరి వదులుతూ మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టు మీద ఆగింది. కండక్టరు తొందరపెట్టాడు. కొంచెం ఆగప్పా, నాకిది పరీక్ష అని చెప్పి మూడోది ఎక్కింది. వెనక బ్యాగుతో ఎక్కిన దుర్గప్ప అందరికీ వినపడేట్టు పాసయిందన్నాడు. ఎమ్మిగనూరులో భారతి తల్లిని గుమ్మంలో చూసి, మోకాళ్లు తగ్గాయా అని అడిగింది. ఉచ్చీరమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం నిజం చెప్పింది. ఆ రోజు తిట్లు భారతివి.

పద్నాలుగు ప్రశ్నల కాగితాన్ని అంజలి ఆస్పత్రిలో మిల్లు ఆడవాళ్లందరికీ వాడడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లకు నిజం చెప్పే ధైర్యం ఇవ్వడానికి నెలకోసారి ఉచ్చీరమ్మను పిలుస్తుంది. మార్కెట్ యార్డులో మూటలు మోసి, ఆయాసం వచ్చి మానేసిన ఉరుకుందప్ప మొన్న వచ్చాడు. ఆ ప్రశ్నలన్నీ ఓపిగ్గా విని, బిందె, జడ, రొట్టెలు ఇవేవీ తాను ఏనాడూ చేయలేదని, తనకు వర్తించవని అన్నాడు.

“మరి దినామూ ఏం చేస్తావన్నా నువ్వు?” అని ఉచ్చీరమ్మ అడిగింది.

ఉరుకుందప్ప వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. సైకిలు స్టాండు తీయడం, ఎద్దులకు గడ్డి వేయడం, మనవరాలిని భుజమ్మీద ఎక్కించుకోవడం అని ఒక్కొక్కటే చెప్పాడు. మనవరాలి సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ముందున్నవాటికన్నా మెల్లగా వచ్చింది. ఉచ్చీరమ్మ అది గమనించి, అంజలిని కొత్త కాగితం తీసుకురమ్మని చెప్పి, కుర్చీని అతని దగ్గరికి జరుపుకుంది.