గోడ కింద తుంగ

ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి వెనక గుట్టకు ఆనుకుని పాత రాతిగోడ ఉంది. దాని మొదట్లో నెలరోజులుగా తుంగ మొలుస్తోంది. ఎంత పీకినా అడుగున గడ్డ మిగిలి మళ్లీ లేస్తోంది. ఈ సాయంత్రం తోటపని చేసే మల్లమ్మను గడ్డలతో సహా తవ్వేయమన్నాను. మా అత్తయ్య ఆ పక్కనే గోడ నీడలో కూర్చుని టీ తాగుతున్నారు.

మల్లమ్మ రెండు పోట్లు వేసి గడ్డపార ఆపేసింది.

"అమ్మా, గీడ నీళ్లు పెడ్తున్నరా?"

"లేదే!"

"మరి గింత ఎండల తుంగ గిట్ల ఎట్ల గుంపు కడ్తది? గోడెనక నీళ్లు నిండినయ్. జర పెద్దమ్మను లేపుండ్రి."

గోడ మీద చెయ్యి వేశాను. రాళ్లు చెమ్మగా ఉన్నాయి. మల్లమ్మే అరిచి నన్ను కదిలించింది. ఇద్దరం అత్తయ్యను కుర్చీతో సహా ఎత్తి వరండాలోకి తెచ్చాం. ఆవిడ మమ్మల్ని తిడుతుండగానే గోడ నడుమ ఉబ్బి, బురదతో సహా కూలింది. ఆవిడ కూర్చున్న చోట నడుమెత్తు రాళ్లు పడ్డాయి.

గుట్ట పైన ఎక్కడో నీళ్ల పైపు పగిలిందట. అత్తయ్య మాత్రం టీ ఒలికిపోయిందని అలిగారు.

మీ ఇంటి గోడ వెనక ఏముందో మీరెప్పుడైనా చూశారా? ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు.