అత్తగారి మోకాళ్ళకు తొమ్మిది నిమిషాలు

బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక ఆయన ఇరవై ఏడేళ్ళుగా కూర్చుంటున్నాడు. ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేస్తాడు. అందుకే తోటివాళ్ళు ఆయనకు గడియారం అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా పైకి చిరాకు పడేవాడు, లోపల మురిసిపోయేవాడు.

నగరం బయట పాత రాజుల సమాధులున్నాయి. వాటికోసం రోజుకు పదిమందైనా ఆ కిటికీ దగ్గర ఆగుతారు.

"నాలుగో ప్లాట్‌ఫారం, ఏడూ పదికి బస్సు. తిరుగు బస్సు పదకొండున్నరకి. ఒక్క పూట చాలు." ఇదీ ఆయన పాఠం.

ఒకరోజు ఒక పెద్దావిడ ఆ పాఠమంతా విని కూడా కదల్లేదు. "అంత దూరం వెళ్ళి చూడాల్సినవేనా బాబూ? మీరు చూశారా?"

"చూడకేమండీ! లెక్కలేనన్నిసార్లు" అనేసి నాలిక కరుచుకున్నాడు. ఆ బస్సు ఆయన ఒక్కనాడూ ఎక్కలేదు.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే భార్య కుట్టు మిషను ఆపి మరీ నవ్వింది. "ఊరందర్నీ పంపించారు. మమ్మల్ని ఒక్కసారి తీసుకెళ్ళిన పాపాన పోలేదు."

గడియారానికి పౌరుషం పొడుచుకొచ్చింది. "గురువారం వెళ్తున్నాం. రెండింటికి నా డ్యూటీ. ఈలోపు చూసి వచ్చేస్తాం."

వంటింటి గుమ్మంలో కూరగాయలు తరుగుతున్న అత్తగారు తలెత్తింది. "సమాధులకి వెళ్ళడానికి నాకంత తొందరేం లేదు అల్లుడుగారూ. పిలుపొచ్చినప్పుడు ఎలాగూ బయల్దేరతాను."

"చూసి రావడానికండీ అత్తయ్యగారూ."

"అయితే సరే. తిరిగి వచ్చేది కూడా మర్చిపోకుండా రాయండి."

ఆయన నిజంగానే రాశాడు. ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి నిమిషాల చొప్పున పంచాడు. సమాధులు ఏడు, ఒక్కోదానికి పన్నెండు నిమిషాలు. ఫొటోలకు నాలుగు. నీళ్ళు తాగడానికి మూడు. అత్తగారి మోకాళ్ళకు తొమ్మిది.

భార్య కాగితం లాక్కుని చదివింది. "నేను నిలబడి నిట్టూర్చడానికి ఎన్ని ఇచ్చారు?"

ఆయన పెన్సిలు నమిలి, ఫొటోల్లోంచి ఒక నిమిషం కోసి అటు వేశాడు.

గురువారం బస్సు సరిగ్గా ఏడూ పదికి కదిలింది. తానే నడుపుతున్నట్టు ఆయన వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశాడు. మొదటి సమాధి పన్నెండు నిమిషాల్లోనే అయిపోయింది. రెండోదాంట్లో వచ్చింది చిక్కు. నెత్తిన ఎత్తైన గుమ్మటం, లోపల చల్లటి చీకటి. ఆయన గడియారం చూసుకుంటూ గుమ్మం దాటబోతుంటే, "అల్లుడుగారూ, ఆగండి!" అని అత్తగారు కేకేసింది.

"ఆగండీ... గండీ... అండీ..." అంది గుమ్మటం.

"చూశారా! ఇంట్లో నేను పిలిస్తే మీరు పలకరు. ఇక్కడ రాయి పలుకుతోంది!"

ఇంకోసారి పిలిచింది. భార్య పిలిచింది. చివరికి ఆయన కూడా అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, "నాలుగో ప్లాట్‌ఫారం!" అని అరిచాడు. రోజుకు వందసార్లు అనే మాటే. అది నిండు కొలువులో రాజుగారెవరో అన్నట్టు గంభీరంగా తిరిగొచ్చేసరికి, ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగేంత నవ్వొచ్చింది. అలా గంట గడిచిపోయింది. అక్కడి రాతి కిటికీ మీద చెక్కిన పూల తీగ భార్యకు తెగ నచ్చింది. కుట్టడానికి పనికొస్తుందని, ఆ నిమిషాల కాగితమే తిరగేసి దాన్ని గీసుకుంటూ కూర్చుంది. అదింకో గంట.

ఏడింట్లో రెండే అయ్యాయి. పదకొండూ ఇరవై ఐదుకు ఆయన ఇద్దర్నీ పరుగులు పెట్టించి స్టాపుకు చేర్చాడు.

"నిదానం సార్. బస్సు పన్నెండుంపావు దాకా రాదు" అన్నాడు స్టాపు పక్కన టీ అమ్మేవాడు.

"పదకొండున్నరకి కదా!"

"అది పాత టైము. పక్క ఊళ్ళోంచి తిప్పడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. సిటీ బస్టాండులో ఎవరో మహానుభావుడున్నాడు. అందర్నీ పదకొండున్నరకే ఇక్కడికి తోలుతున్నాడు. ఆయన పుణ్యమా అని మా పొయ్యి వెలుగుతోంది. నూరేళ్ళు చల్లగా ఉండాలి!"

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు ఆ మర్యాద కూడా పాటించలేదు.

"ముందు ఆయనకి టీ ఇవ్వు నాయనా, నాలుగు నిమిషాల్లో తాగేస్తారు. ఆ మహానుభావుడు ఈయనే."

టీ అతను లేచి నిలబడి దణ్ణం పెట్టినంత పని చేశాడు. మూడు టీలకు డబ్బు ముట్టుకోలేదు. గడియారం గారు మాత్రం కందగడ్డ మొహంతో చెప్పుల వంక చూస్తూ తాగాడు.

"ముప్పావుగంట ఉందిగా, ఇంకోటి చూసొద్దాం" అంటూ అత్తగారు గ్లాసు కింద పెట్టి ముందు నడిచింది. ఆ మోకాళ్ళను అందుకోలేక వెనకాల వీళ్ళిద్దరూ రొప్పారు.

డ్యూటీకి ఆయన పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు. ఉద్యోగంలో అదే మొదటిసారి. సొరుగు వెతికితే టైము మారిందన్న కాగితం అడుగున దొరికింది, కింద తన సంతకంతో సహా. దాన్ని బయటికి తీసి గోడకు అతికించాడు.

అప్పుడే కిటికీ దగ్గరికి ఒక జంట వచ్చింది.

"తిరుగు బస్సు పన్నెండుంపావుకి" అని, కాస్త ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు. "కానీ ఓ అరగంట ముందే వచ్చి కూర్చోండి. అక్కడ టీ బాగుంటుంది."